కంట్రోల్ బియ్యం: కడుపు నిండింది, కంచం నిండిందా?



గంట మోగగానే ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడటం హాస్టల్‌లో చదువుకున్న మనందరికీ తెలిసిన పనే. మనం ఇక్కడ వరుసలో ఉన్న రోజుల్లోనే ఊళ్ళో మన అమ్మ ఇంకో వరుసలో నిలబడి ఉంటుంది. ఒక చేతిలో కార్డు, చంకలో మడిచిన సంచి. అది కంట్రోల్ దుకాణం ముందున్న వరుస. ఈ రెండు వరుసలకూ బియ్యం ఇచ్చేది ప్రభుత్వమే. అయినా ఈ రెండింటి గురించి కలిపి ఆలోచించే అలవాటు మనకు లేదు. వార్షికోత్సవ సంచిక కోసం ఏదైనా రాయమని అడిగినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. మా అమ్మానాన్నలు కూలి చేసి మమ్మల్ని పెంచారు. మూడో తరగతి నుంచి హాస్టల్ బువ్వ తిన్నాం, సెలవుల్లో కంట్రోల్ బియ్యం తిన్నాం. కాబట్టి ఈ విషయాన్ని దూరం నుంచి చూసి రాసే అవకాశం మాకు లేదు. కొన్ని ఆదివారాలు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి, తెలిసినవాళ్ళతో మాట్లాడి, చదివినదానితో పోల్చి చూసుకున్నాం. దీన్ని సర్వే అనలేం. విన్నది, కన్నది, చదివింది ఒకచోట పెడుతున్నాం. ఎవరి పేర్లూ రాయడం లేదు.

మా ప్రశ్న ఒక్కటే. పేద కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే ఆహార సహాయం నిజంగా పని చేస్తున్నదా?

కంట్రోల్ అనే మాట ఎక్కడిది?

మన పల్లెల్లో ఎవరూ చౌక ధరల దుకాణం అనరు, కంట్రోల్ దుకాణం అనే అంటారు. ఈ మాట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చిన ధరల నియంత్రణ, రేషనింగ్ నుంచి మిగిలింది. యుద్ధం పోయినా మాట పోలేదు.

మన తెలుగు ప్రాంతంలో ఈ కథలోని ముఖ్యమైన మలుపులు ఇవి:

1983: ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టింది.
1990ల్లో ధర 3.50కు, ఆ తర్వాత 5.25కు పెరిగింది.
1997: దేశమంతటా పేదలను వేరు చేసి ఇచ్చే లక్షిత పంపిణీ విధానం వచ్చింది.
2000: నిరుపేదల కోసం అంత్యోదయ అన్న యోజన వచ్చింది. ఈ కార్డుకు ఇప్పుడు 35 కిలోలు.
2008: వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మళ్ళీ 2 రూపాయలకు తెచ్చింది.
2011: కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం 1 రూపాయి చేసింది.
2013: పార్లమెంటు జాతీయ ఆహార భద్రత చట్టం చేసింది. మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు అయింది.
2015: తెలంగాణలో రూపాయికి కిలో చొప్పున మనిషికి 6 కిలోలు. కుటుంబానికి ఇంతే అన్న పరిమితి తీసేశారు.
2023: చట్టం కింద ఇచ్చే ధాన్యం పూర్తిగా ఉచితమైంది.
2025: ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభించి, ఏప్రిల్ నుంచి తెలంగాణలో కార్డుదారులకు సన్నబియ్యం.

ఈ వరుసలో అన్నింటికన్నా పెద్ద మార్పు 2013 చట్టమే. అంతవరకు ఇది దయతో ఇచ్చే సరుకు. అప్పటి నుంచి అడిగి తీసుకునే హక్కు. ఆ చట్టానికి ముందు 2001లో పౌర హక్కుల ప్రజా సంఘం సుప్రీంకోర్టులో వేసిన కేసు ఉంది. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే మనుషులు పస్తులుండటం ఏమిటని ఆ కేసు అడిగింది. బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని అదే సంవత్సరం నవంబరులో కోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో అది 2003లో మొదలైంది.

బియ్యం నడిచే దారి

రైతు వడ్లు కొనుగోలు కేంద్రానికి వస్తాయి. అక్కడి నుంచి మిల్లుకు పోతాయి. క్వింటాలు వడ్లు తీసుకున్న మిల్లరు 67 కిలోల ముడి బియ్యం తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం గోదాముకు, అక్కడి నుంచి మండల స్థాయి స్టాక్ పాయింటుకు, చివరికి దుకాణానికి చేరుతుంది. దుకాణంలో ఈ-పాస్ యంత్రం మీద వేలు పెడితే మన కార్డు, మన వాటా తెర మీద కనిపిస్తాయి.

ఈ దారిలో ప్రతి మలుపులోనూ కారిపోయే అవకాశం ఉంది. వెనకట దుకాణంలోనే ఎక్కువ కారేది. తూకంలో కోత, రానివాళ్ళ పేరుమీద రాత, దొంగ కార్డులు ఉండేవి. యంత్రం వచ్చాక ఇవి బాగా తగ్గాయని మేము మాట్లాడిన పెద్దలందరూ ఒప్పుకున్నారు. 2011లో ఆర్థికవేత్తలు జీన్ డ్రేజ్, రీతికా ఖేరా తొమ్మిది రాష్ట్రాల్లో జరిపించిన సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బాగా నడిచే రాష్ట్రాల్లోనే ఉంది. అంటే యంత్రం రాకముందే మన దగ్గర ఈ పథకం ఎంతో కొంత నిలదొక్కుకుంది. ఓటు వేసే ప్రతి ఇంటికీ కిలో ధర తెలిసి ఉండటం దీనికి ఒక కారణమని మేము అనుకుంటున్నాం. పది మందికి తెలిసిన లెక్కలో దొంగతనం చేయడం కష్టం.

ఇది చేసిన మేలు

ఒక చిన్న లెక్క చూద్దాం. నలుగురున్న కుటుంబానికి నెలకు 24 కిలోలు వస్తాయి. మా ఇంట్లో నలుగురం ఉన్నప్పుడు రోజుకు కిలోన్నర బియ్యం వండేవాళ్ళం. నెలకు 45 కిలోలు. అంటే సగానికి కొంచెం ఎక్కువ దుకాణం నుంచి వస్తుంది, మిగిలింది కొనాలి. బయట సన్నబియ్యం కిలో 50 రూపాయలనుకుంటే 24 కిలోలకు 1200 రూపాయలు మిగిలినట్టు. రోజుకు 400 రూపాయల కూలి వచ్చే ఆడమనిషికి అది మూడు రోజుల కష్టం.

మూడు రోజుల కూలి చిన్నదని ఉద్యోగస్థులకు అనిపించవచ్చు. మా అమ్మ మాట వేరు. "బియ్యం రంది లేకుంటే పిల్లల చదువు సంగతి ఆలోచిస్తం బిడ్డా. బియ్యమే లేకుంటే ఇంకేం ఆలోచిస్తం?" అన్నది. మమ్మల్ని బడి మాన్పించి పనికి పంపాలన్న మాట మా ఇంట్లో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వెనక్కి పోయింది. ఆ వెనక్కి పోవడంలో ఈ బియ్యం వాటా ఎంతో మేము కిలోల్లో చెప్పలేం, కానీ ఉందని మాత్రం గట్టిగా చెప్పగలం.

2020 సంగతి మనకందరికీ గుర్తే. మార్చిలో హాస్టళ్ళు మూసి మనల్ని ఇళ్ళకు పంపారు. మేడ్చల్ పారిశ్రామికవాడలో పనులు ఆగాయి, మేస్త్రీలు ఫోన్లు ఎత్తలేదు. ఏప్రిల్‌లో కార్డున్న వాళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చారు. ఆ నెల మా వాడలో పొయ్యి వెలగని కార్డున్న ఇల్లు మేము చూడలేదు. కార్డు లేని ఇళ్ళ సంగతి కిందికి చెబుతాం.

దొడ్డు బియ్యం ఎందుకు అమ్ముకున్నారు?

2025 వరకు మనకు వచ్చింది దొడ్డు బియ్యం. చాలామంది దాన్ని ఇడ్లీ పిండికి, దోసె పిండికి వాడి మిగిలింది అమ్మేవారు. మోపెడ్ మీద సంచులు వేసుకొని ఇంటింటికీ తిరిగి కిలో పదికో పన్నెండుకో కొనుక్కుపోయే మనిషిని చూడని ఊరు లేదు. ఆ బియ్యమే మిల్లులో పాలిష్ పట్టి మళ్ళీ సర్కారుకే అప్పగించిన సంఘటనలు, రాష్ట్రం దాటించిన సంఘటనలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. నిత్యావసర సరుకుల చట్టం కింద ఇది నేరం. పట్టుకుంటే 6-ఎ కేసు పెట్టి సరుకు జప్తు చేస్తారు.

"పేదలకు ఇస్తే అమ్ముకుంటున్నారు" అనే మాట మనం బస్సుల్లో, క్లాసుల్లో విన్నాం. విన్నప్పుడు తల దించుకున్నాం కూడా. కానీ ఆలోచించండి. తినలేని బియ్యాన్ని పదికి అమ్మి, ఇంకో నలభై కలిపి తినే బియ్యం కొన్న తల్లిది నేరమా? బిడ్డలకు మెత్తటి అన్నం పెట్టాలనుకోవడం నేరమా? 2015 జనవరిలోనే మన హాస్టళ్ళకు, బడులకు సన్నబియ్యం వచ్చింది. ఇళ్ళకు రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. వచ్చాక మేము తిరిగిన ఊళ్ళలో ఆ మోపెడ్ మనిషి రాకపోకలు తగ్గాయని చెప్పారు. పథకం ఖర్చు గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. తినని బియ్యం ఎంత చౌకైనా వృథాయే.

కంచంలో లేనివి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం.

మా నాయనమ్మ కాలంలో ఈ నేలల్లో ఇంటి తిండి జొన్న గట్క, జొన్న రొట్టె. వరి అన్నం పండుగకు. కోతల్లో కూలి గింజల రూపంలో వచ్చేది. చేను గట్ల మీద తోటకూర, పుంటికూర తెంపుకొచ్చేవారు. కంది చేనులో పనిచేస్తే కొంగున కాసిని కందులు ఉండేవి. తర్వాత ద్రాక్ష తోటలు, కోళ్ళ ఫారాలు వచ్చాయి. ఇప్పుడు ఆ తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, గోదాములు, వెంచర్లు, గేటు కమ్యూనిటీలు వచ్చాయి. పనులు లేక కాదు, చేలో పని పోయి కంపెనీలో ఊడ్చే పని, కాపలా పని వచ్చింది. చేతికి నగదు వస్తుంది, కానీ కొంగులోకి గింజ రాదు. ఆకుకూర కట్ట నుంచి పచ్చిమిరపకాయ దాకా కొనాల్సిందే. ఊరు మున్సిపాలిటీ అయినచోట ఉపాధి హామీ పని కూడా ఆగిపోయింది.

ఇలాంటి ఇంటికి దుకాణం నుంచి వచ్చేది బియ్యం. అన్నం ఉంటుంది, దాని పక్కన నీళ్ళచారు, పచ్చడి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) తెలంగాణ లెక్కలు చూడండి. ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 33.1 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు 70 శాతం. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం. శామీర్‌పేట పక్కన తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది. కరోనా టీకా తయారైన చోటు అది. ఆ గేటుకు కూతవేటు దూరంలో ఉన్న అంగన్‌వాడీలో పిల్లల చేతి జబ్బ కొలుస్తున్నారు.

బియ్యం ఆకలిని ఆపుతుంది, రక్తాన్ని పెంచదు. దానికి పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర కావాలి. ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 2013 ఉగాదికి అమ్మహస్తం పేరుతో కందిపప్పు, నూనె, చింతపండు సహా తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. అది ఎక్కువ కాలం సాగలేదు. తర్వాత బియ్యంలోనే ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలను వందకు ఒకటి చొప్పున కలిపి ఇచ్చారు. కడిగేటప్పుడు ఆ గింజలు నీళ్ళమీద తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన ఇళ్ళు మాకు తెలుసు. ఎందుకు కలిపారో ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట గమనించాం. సర్కారు కంచం నిండుగా కనిపించేది మూడు చోట్లే. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు (ఆరోగ్యలక్ష్మి, 2015 నుంచి). బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం. హాస్టల్‌లో మనకు. ఈ మూడు చోట్లా తినని మనిషి ఒకరు ఇంట్లో ఉంటుంది. బిడ్డ పుట్టేదాకా, పాలిచ్చేదాకా ఆమెకు గుడ్డు ఇచ్చారు. తర్వాత ఆమె పేరుమీద వచ్చేది 6 కిలోల బియ్యమే.

2024లో మన మెస్ చార్జీలు పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 నుంచి 2100 రూపాయలయ్యాయి. అది సరిపోదని మనం అడుగుతున్నాం, అడగాల్సిందే. కానీ అమ్మ వాటా బియ్యం విలువ 50 చొప్పున లెక్కేసినా 300 రూపాయలే. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసినప్పుడు మాకు కాసేపు పెన్ను కదలలేదు.

పేరు లేనివాళ్ళు

మా అక్క పెళ్ళి 2019లో అయింది. అత్తవారి ఊళ్ళో కొత్త కార్డు రావాలంటే మా కార్డులో పేరు తీసేయాలన్నారు. తీయించాం. మీ-సేవలో దరఖాస్తు పెట్టాం. 2021లో రాష్ట్రంలో దాదాపు 3 లక్షల కొత్త కార్డులు ఇచ్చారు, అందులో అక్క పేరు రాలేదు. కాగితం ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేదు. 2020 ఏప్రిల్‌లో మా ఇంటికి మనిషికి 12 కిలోలు వచ్చినప్పుడు అక్కకు ఒక్క గింజ రాలేదు. అమ్మ మా వాటాలోంచి మూట కట్టి పంపింది. 2025 జూలైలో కొత్త కార్డుల పంపిణీ మొదలయ్యాకే అక్క చేతికి కార్డు వచ్చింది. ఆ ఆరేళ్ళలో పుట్టిన ఇద్దరు పిల్లలు ఏ లెక్కలోనూ లేరు. బియ్యం ఇప్పుడు వస్తున్నది. పోయిన ఆరేళ్ళు ఎవరిస్తారు?

రెండోది ఆదాయ పరిమితి. మన రాష్ట్రంలో పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటితే కార్డుకు అర్హత లేదు. నెలకు 13 వేలు తెచ్చుకునే సెక్యూరిటీ గార్డు ఆదాయం ఏడాదికి లక్షా 56 వేలు. రోడ్డుకు ఈ పక్క పంచాయతీలో ఉంటే అనర్హుడు, ఆ పక్క మున్సిపాలిటీలో ఉంటే అర్హుడు. ఇద్దరూ కొనేది ఒకే కిరాణా కొట్టులో.

మూడోది వేలిముద్ర. బట్టలుతికి, గిన్నెలు తోమి, సిమెంటు కలిపి అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టదు. "నా వేలు నేనే గాదంటది ఆ మిషను" అని ఒక అవ్వ మాతో నవ్వుతూ అన్నది. కనుపాప ద్వారా, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ద్వారా తీసుకునే సౌకర్యం 2021లోనే వచ్చింది. అవ్వకు ఆ సంగతి తెలియదు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.

నాలుగోది ఇటుక బట్టీలు. శామీర్‌పేట వైపు బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలతో వస్తారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద వాళ్ళ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. ఈ విధానం 2019 ఆగస్టులో ప్రయోగంగా మొదలైన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మేము మాట్లాడిన బట్టీ కూలీలు ఇక్కడ ఒక్కసారీ తీసుకోలేదు. పని చీకటితో మొదలై చీకటితో ముగుస్తుంది. భాష రాదు. అడగవచ్చని చెప్పినవాళ్ళు లేరు. హక్కు ఉంది, దాని దగ్గరికి నడిచే తీరిక లేదు.

బియ్యమా, డబ్బా?

బియ్యం బదులు ఖాతాలో డబ్బు వేస్తే ఈ గోదాములు, లారీలు, కారిపోవడాలు ఉండవు కదా అని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. చండీగఢ్, పుదుచ్చేరిలో 2015 నుంచి అలా చేసి చూశారు. ఇందులో నిజం కొంత ఉంది. డబ్బుతో పప్పు కొనుక్కోవచ్చు, గుడ్డు కొనుక్కోవచ్చు.

కానీ 2011 సర్వేలో మన రాష్ట్ర కుటుంబాల్లో అత్యధికులు బియ్యమే కావాలన్నారు. కారణం మాకు అర్థమవుతుంది. ధర పెరిగినా కిలో కిలోయే. డబ్బు విలువ తగ్గుతుంది. ఇంటికి వచ్చిన బియ్యం అమ్మ చేతిలో ఉంటుంది, ఖాతాలో పడ్డ డబ్బు ఎవరి చేతికి పోతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అందుకే బియ్యాన్ని తీసేయడం కాకుండా, బియ్యం పక్కన పప్పు, నూనె కలపడమే మంచిదని మా అభిప్రాయం.

మనం చేయగల పనులు

సర్కారు చేయాల్సినవి సర్కారు చేయాలి. మన చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి.

1. ఈ సెలవుల్లో ఇంటికి పోగానే కార్డులో అందరి పేర్లు ఉన్నాయో, ఈ-కేవైసీ అయిందో చూడండి. హాస్టల్‌లో ఉండి మనం వేలిముద్ర ఇవ్వకపోతే ఆగేది మన పేరే.
2. వాడలో వేలు పడని ముసలివాళ్ళ ఆధార్‌కు ఇప్పుడు వాడే ఫోన్ నంబరు కలిపించండి.
3. సరుకు ఇవ్వకపోయినా, తూకం తగ్గినా 1967 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు. వాటా ఇవ్వకపోతే దానికి బదులు భృతి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అర్జీ రాయడం రానివాళ్ళకు రాసిపెట్టండి.
4. బట్టీల్లో, పనుల చోట ఉన్న వలస కూలీలకు వాళ్ళ కార్డు ఇక్కడ చెల్లుతుందని చెప్పండి.

ముగింపు

మొదట వేసుకున్న ప్రశ్నకు మా జవాబు ఇది. పథకం పని చేసింది. ఆకలి అనే మాటను మన ఇళ్ళలో చాలావరకు వెనక్కి నెట్టింది. అది లేకపోతే ఈ సంచికలో ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ కార్డులో పేరున్నవాళ్ళకే పని చేసింది, కడుపు వరకే పని చేసింది. పేరు ఎక్కించడం, కంచం నింపడం ఇంకా మిగిలే ఉన్నాయి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోతే అమ్మ మాకోసం గుడ్లు తెప్పించింది. "మీరు తినండి, నాకు పడదు" అన్నది. చిన్నప్పటి నుంచీ ఆ మాట విని నిజంగానే పడదనుకున్నాం. ఈ వ్యాసం కోసం లెక్కలు రాసుకున్నాకే అడగాలనిపించింది. అడిగాం. "ఎప్పుడన్న తింటే కదా, పడ్తదో పడదో తెలిసేది" అన్నది.

మీరు కూడా ఇంటికి పోయినప్పుడు ఒకసారి అడిగి చూడండి.